చిన్నమాటల పెత్తనం

‘పుట్’ తెలుసు, ‘అప్’ తెలుసు, ‘విత్’ తెలుసు. అయినా ‘పుట్ అప్ విత్’ అంటే ఏమిటో తెలియదు. ఇంగ్లీషు నేర్చుకొనేవారిని ముప్పుతిప్పలు పెట్టే ఈ పదబంధాలకు తాళంచెవి తెలుగువారి నోటిలోనే ఉన్నది.

ఇంగ్లీషు అక్షరాలు నేర్చి రెండు మూడు ఏండ్లయిన బాలునికి కూడా ‘పుట్’ అంటే పెట్టడమని, ‘అప్’ అంటే పైకి అని, ‘విత్’ అంటే తోడుగా అని తెలుసు. కాని ఈ మూడు మాటలను వరుసగా పేర్చి ‘పుట్ అప్ విత్’ అన్నప్పుడు పట్టభద్రుడు సైతం ఒక క్షణం తటపటాయిస్తాడు. పెట్టడం, పైకి, తోడుగా — వీటిని ఎన్ని విధాల కలిపి చూచినా ‘సహించడం’ అన్న అర్థం రాదు. అయినా దాని అర్థం అదే. పొరుగింటివారి రేడియో మోతను ఓర్చుకొంటున్నానని చెప్పడానికి ఇంగ్లీషువారు నిత్యం వాడే మాట అది.

ఇటువంటివి పదో పాతికో అయితే కంఠస్థం చేసి ఊరుకోవచ్చు. కాని అవి వేల సంఖ్యలో ఉన్నాయి. వాటికోసమే ప్రత్యేకంగా నిఘంటువులు వెలువడ్డాయి. ఒక క్రియకు ఒకటి రెండు చిన్నమాటలు తోడై, అన్నీ కలిసి కొత్త అర్థాన్ని ఇచ్చే ఈ పదబంధాలను వ్యాకర్తలు ‘ఫ్రేజల్ వెర్బులు’ అంటారు. 1925లో ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అన్న గ్రంథం ద్వారా లోగన్ పియర్సల్ స్మిత్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయన చెప్పుకొన్నాడు.

పేరు కొత్తదే అయినా చిక్కు పాతది. 1755లో తన సుప్రసిద్ధ నిఘంటువుకు పీఠిక వ్రాస్తూ శామ్యూల్ జాన్సన్ ఈ సంగతిని ప్రస్తావించాడు. క్రియ వెనుక ఒక చిన్నమాటను చేర్చి అర్థాన్ని మార్చివేసే అలవాటు ఇంగ్లీషులో విస్తారంగా ఉన్నదని, పరదేశీయులకు అన్నింటికంటె ఎక్కువ కష్టం కలిగించేది ఇదేనని ఆయన గుర్తించాడు. ఆ మాట అన్న తరువాత రెండున్నర శతాబ్దాలు గడిచాయి. పరదేశీయుల కష్టం ఇంకా తీరలేదు.

పుస్తకాల ఇంగ్లీషు, ఇంటి ఇంగ్లీషు

మనదేశంలో చదువుకొన్నవారికి ఈ కష్టం ఒక విచిత్రమైన రూపంలో ఎదురవుతుంది. మనకు ఇంగ్లీషు ప్రధానంగా పాఠ్యపుస్తకాల నుండి, ప్రభుత్వ ఉత్తర్వుల నుండి, న్యాయస్థానాల తీర్పుల నుండి వచ్చింది. అందువల్ల పెద్దమాటలు మనకు సుపరిచితాలు. వాయిదా వేయడాన్ని ‘పోస్ట్‌పోన్’ అంటాం. విచారణ జరపడాన్ని ‘ఇన్వెస్టిగేట్’ అంటాం. మంట ఆర్పడం ‘ఎక్స్‌టింగ్విష్’, తిరస్కరించడం ‘రిజెక్ట్’, సహించడం ‘టాలరేట్’. ఇవేవీ మనకు కష్టంగా తోచవు.

అదే ఇంగ్లీషువాడు ఇంట్లో, వీధిలో, బస్సులో మాట్లాడేటప్పుడు ఈ మాటలను అంతగా వాడడు. వాయిదా వేయడాన్ని ‘పుట్ ఆఫ్’ అంటాడు. విచారించడాన్ని ‘లుక్ ఇంటూ’ అంటాడు. ఆర్పడం ‘పుట్ అవుట్’, తిరస్కరించడం ‘టర్న్ డౌన్’, సహించడం ‘పుట్ అప్ విత్’. అతనికి ఇవి తేలిక మాటలు. మనకు ఇవే బరువు. పెద్ద గ్రంథాలు చదివి అర్థం చేసుకొనగలవాడు ఇద్దరు స్నేహితుల మాటామంతీ అర్థంకాక తికమకపడడం ఇందువల్లనే.

ఇది కేవలం మాటల సొగసుకు సంబంధించిన విషయమైతే పట్టించుకోనవసరం లేదు. కాని పరాయి దేశంలోని ఒక ఆస్పత్రిని ఊహించుకోండి. మన దేశం నుండి వెళ్ళిన నర్సు ఒక వృద్ధురాలి మంచం దగ్గర నిలబడి ఉన్నది. రాత్రి తాను రెండుసార్లు ‘త్రో అప్’ చేశానని, తరువాత ‘పాస్ అవుట్’ అయ్యానని ఆ వృద్ధురాలు చెబుతుంది. మొదటిదానికి అర్థం వాంతి చేసుకోవడం. రెండవదానికి అర్థం స్పృహ తప్పడం. ‘వామిట్’, ‘అన్‌కాన్షస్’ అన్న మాటలు మాత్రమే తెలిసినవారికి, దేనినో పైకి విసిరివేసిందని, ఏదో పరీక్ష ప్యాసయిందని తోచవచ్చు. మత్తు దిగిపోవడాన్ని ‘వేర్ ఆఫ్’ అని, స్పృహలోకి రావడాన్ని ‘కమ్ రౌండ్’ అని, జబ్బున పడడాన్ని ‘కమ్ డౌన్ విత్’ అని రోగులు చెబుతారు. బాధలో ఉన్నవాడు తన ఇంటిభాషలోనే మాట్లాడతాడు గాని పుస్తకభాషలో కాదు.

రెండు పొరల భాష

ఒక భాషలో ఒకే అర్థానికి ఇన్ని జంటలు ఎందుకు ఏర్పడ్డాయి? జవాబు ఇంగ్లండు చరిత్రలో ఉన్నది.

అతి ప్రాచీనమైన ఇంగ్లీషులో క్రియకు ముందు ఉపసర్గలు చేరేవి. ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’ వంటి మాటలు ఆనాటి అవశేషాలు. కాలక్రమాన ఆ పద్ధతి సన్నగిల్లి, చిన్నమాట క్రియకు వెనుక చేరడం ఎక్కువయింది. సముద్రం దాటివచ్చి ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాలలో స్థిరపడిన స్కాండినేవియా ప్రజల భాష కూడా ఈ మార్పుకు దోహదం చేసి ఉండవచ్చునని కొందరు పండితుల అభిప్రాయం. ఈనాడు ఎక్కువ పదబంధాలకు ఆధారమైన ‘టేక్’, ‘గెట్’ అన్న రెండు క్రియలు ఆ భాషనుండి వచ్చినవే.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. అటుపైన కొన్ని శతాబ్దాలపాటు రాజసభలో, న్యాయస్థానంలో ఫ్రెంచి, మఠాలలో, విద్యాలయాలలో లాటిను పెత్తనం చేశాయి. ఆ భాషలనుండి వేలకొలది మాటలు ఇంగ్లీషులో చేరాయి. కాని వంటింటిలో, పొలంలో, సంతలో సామాన్యుడు తన పాతమాటలను వదలలేదు. ఉన్న కొద్ది క్రియలకే ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్’, ‘అవుట్’ వంటివి చేర్చి కావలసిన అర్థాలన్నీ సాధించుకొన్నాడు. ఆ విధంగా భాషలో రెండు పొరలు ఏర్పడ్డాయి. మనం బడిలో నేర్చుకొన్నది ఎక్కువగా పై పొర. ఇంగ్లీషువాడు తల్లి ఒడిలో నేర్చుకొన్నది అడుగు పొర.

అడుగు పొరకు ఎంత శక్తి ఉన్నదో తెలుసుకొనడానికి ఒక ఉదాహరణ చాలు. 1930లో సి.కె. ఆగ్డెన్ అనే పండితుడు ప్రపంచ ప్రజలందరూ సులభంగా నేర్చుకొనడానికి ‘బేసిక్ ఇంగ్లీష్’ అనే సంక్షిప్త భాషను ప్రతిపాదించాడు. అందులో మొత్తం మాటలు 850. వాటిలో క్రియాపదాలు కేవలం 18. ఇంత తక్కువ క్రియలతో పని ఎలా జరుగుతుంది? ‘గివ్ అప్’, ‘గో ఇన్’, ‘టేక్ ఆఫ్’ వంటి కలయికలతో జరుగుతుంది. లెక్కకు మాటలు తక్కువే. కాని ప్రతి కలయికనూ విడిగా నేర్చుకోవలసిందే గనుక పరదేశీయునికి దక్కిన సౌలభ్యం పైకి కనిపించినంత కాదు.

తెలుగువాని చేతిలోని తాళంచెవి

ఇంతవరకు చెప్పినది విని నిరుత్సాహపడనవసరం లేదు. ఫ్రెంచివానికి, అరబ్బుకు ఈ పద్ధతి వింతగా తోచవచ్చు. తెలుగువానికి వింత కారాదు. ఎందుకంటే మన భాష నడిచేది కూడా ఇంచుమించు ఇదే దారిలో.

‘ఎత్తు’ అన్న క్రియను తీసుకొందాం. ‘ఎత్తిచూపడం’ అంటే లోపాన్ని వేలుపెట్టి చెప్పడం. ‘ఎత్తిపొడవడం’ అంటే దెప్పడం. ‘ఎత్తివేయడం’ అంటే రద్దు చేయడం. తెలుగు నేర్చుకొంటున్న పరదేశి ఎవరైనా నిఘంటువు ముందు పెట్టుకొని, ‘పైకి లేపి కత్తితో పొడవడం’ అని అర్థం చేసుకొంటే మనకు నవ్వు వస్తుంది. ఒక కార్యం ‘తలపెట్టారు’ అంటే తలను ఎక్కడ పెట్టారని అతడు వెదుకుతాడు. ‘పుట్ అప్ విత్’ ముందు మనం పడే అవస్థ సరిగ్గా ఇటువంటిదే. మనం ‘ఎత్తిపొడుచు’ అన్న మాటను ముక్కలు చేసి నేర్చుకోలేదు. ఒకే మాటగా, ఒక సందర్భంలో విని, నేర్చుకొన్నాం.

‘చూచు’ అన్న మన క్రియనూ, ‘లుక్’ అన్న ఇంగ్లీషు క్రియనూ పక్కపక్కన పెట్టి చూడండి. ముసలితల్లిని కొడుకు ‘చూచుకొంటున్నాడు’ అంటాం. ఇంగ్లీషులో అది ‘లుక్ ఆఫ్టర్’. పేదవాడిని ‘చిన్నచూపు చూచాడు’ అంటాం. ఇంగ్లీషులో ‘లుక్ డౌన్ ఆన్’. పండుగ కోసం పిల్లలు ఉత్సాహంగా ‘ఎదురుచూస్తున్నారు’ అంటాం. ఇంగ్లీషులో ‘లుక్ ఫార్వర్డ్ టు’. రెండు భాషలూ కంటిచూపుతోనే మొదలుపెట్టి సంరక్షణకు, అవమానానికి, ఆశకు మాటలు కట్టుకొన్నాయి.

మన క్రియల చివర వచ్చే ‘వేయు’, ‘పోవు’ అన్న సహాయక్రియలు చేసే పనిని ఇంగ్లీషులో తరచుగా ‘అప్’, ‘డౌన్’, ‘అవుట్’ చేస్తాయి. ‘తిన్నాడు’ అన్నదానికీ ‘తినివేశాడు’ అన్నదానికీ ఉన్న తేడాయే ‘ఈట్’కూ ‘ఈట్ అప్’కూ ఉన్నది. కాగితం ‘చించడం’ వేరు, ‘చించివేయడం’ వేరు. రెండవది ‘టేర్ అప్’. బట్ట ఎండితే ‘డ్రై’; బావి ఎండిపోతే ‘డ్రై అప్’. ఇల్లు కాలిపోతే ‘బర్న్ డౌన్’. చెప్పులు అరిగిపోతే ‘వేర్ అవుట్’. ఇంట్లో పంచదార అయిపోతే ‘రన్ అవుట్’. శాసనాన్ని న్యాయస్థానం ‘కొట్టివేసింది’ అని మన పత్రికలు వ్రాస్తాయి. ఇంగ్లీషు పత్రికలు ‘స్ట్రైక్ డౌన్’ అని వ్రాస్తాయి. ఇద్దరికీ దెబ్బ కొట్టడమే గుర్తుకు వచ్చింది.

కనుక ఇంగ్లీషు పదబంధాన్ని మరొక ఇంగ్లీషు పెద్దమాటతో ముడిపెట్టి నేర్చుకోవడం కంటె, దానికి దీటైన తెలుగు జంటక్రియతో ముడిపెట్టి నేర్చుకోవడం మేలు. ‘బ్యాక్ డౌన్’ అంటే వెనక్కు తగ్గడం. ‘కమ్ ఫార్వర్డ్’ అంటే సహాయానికి ముందుకు రావడం. ‘గెట్ ఓవర్’ అంటే దుఃఖంనుండి, జబ్బునుండి తేరుకోవడం. ‘గివ్ అప్’ అంటే వదులుకోవడం, మానివేయడం. ఈ విధంగా ముడిపడినది మనసులో నిలుస్తుంది.

చిన్నమాటల స్వభావం

మన సహాయక్రియలకు వలెనే ఇంగ్లీషు చిన్నమాటలకు కూడా కొంత నిలకడైన స్వభావం ఉన్నది. దానిని పట్టుకొంటే సగం పని తీరినట్లే.

‘అప్’ పైకి అన్న అర్థంతో మొదలై పెరుగుదలను తెలుపుతుంది. గొంతు పెంచి మాట్లాడడం ‘స్పీక్ అప్’. అక్కడినుండి అంచువరకు నిండడం, పూర్తికావడం అన్న అర్థం వచ్చింది. అంతా వాడివేయడం ‘యూజ్ అప్’.

‘డౌన్’ తగ్గుదలను, ఆగిపోవడాన్ని తెలుపుతుంది. వేగం తగ్గడం ‘స్లో డౌన్’. యంత్రం చెడి ఆగిపోవడం ‘బ్రేక్ డౌన్’. నోటిమాటను కాగితం మీదికి దించడం ‘రైట్ డౌన్’.

‘ఆఫ్’ వేరుపడడాన్ని తెలుపుతుంది. చెప్పులు విడవడం ‘టేక్ ఆఫ్’. బస్సు దిగడం ‘గెట్ ఆఫ్’. ప్రయాణమై బయలుదేరడం ‘సెట్ ఆఫ్’. సమ్మె విరమించడం ‘కాల్ ఆఫ్’.

‘అవుట్’కు రెండు ముఖాలు ఉన్నాయి. దాగినదాన్ని వెలికితీయడం ఒకటి: తెలుసుకోవడం ‘ఫైండ్ అవుట్’, ఎత్తిచూపడం ‘పాయింట్ అవుట్’. అంతరించడం రెండవది: దీపం ఆర్పడం ‘పుట్ అవుట్’, ఒక జాతి నశించిపోవడం ‘డై అవుట్’.

‘ఆన్’ కొనసాగింపును తెలుపుతుంది: ‘క్యారీ ఆన్’, ‘గో ఆన్’. ‘ఓవర్’ ఒక విషయాన్ని ఆసాంతం పరిశీలించడాన్ని తెలుపుతుంది: నిదానంగా ఆలోచించడం ‘థింక్ ఓవర్’, చర్చించుకోవడం ‘టాక్ ఓవర్’.

ఇది దారి చూపే గుర్తే గాని శాసనం కాదు. ఫారం పూర్తిచేయడాన్ని ‘ఫిల్ ఇన్’ అని, ‘ఫిల్ అవుట్’ అని రెండు విధాలుగానూ అంటారు; లోపలికీ బయటికీ అక్కడ భేదం లేదు. దీపం ఆరిపోయినా ‘గో ఆఫ్’, గడియారం గణగణ మ్రోగినా ‘గో ఆఫ్’, పాలు విరిగినా ‘గో ఆఫ్’, బాంబు పేలినా ‘గో ఆఫ్’. మనం దీనిని తప్పుపట్టరాదు. రహస్యం ‘బయటపడింది’ అంటాం. ఆపదనుండి ‘బయటపడ్డాడు’ అని కూడా అంటాం. ఒకటి చిక్కడం, ఒకటి తప్పించుకోవడం. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

అర్థం తప్పితే

సందర్భం అస్పష్టంగా ఉన్నప్పుడు మాత్రం ఫలితం దారుణంగా ఉండవచ్చు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులలోని టెనెరిఫే విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. పొగమంచు దట్టంగా కమ్మి ఉన్నది. రద్దీ, ఆలస్యం, తొందరపాటు, రేడియోలో ఒకరి మాటపై మరొకరి మాట పడడం — కారణాలు అనేకం. వాటిలో భాష కూడా ఒకటి. డచ్చి విమానానికి మార్గవివరాలు మాత్రమే చెబుతూ కంట్రోలరు ‘టేకాఫ్’ అన్న మాట వాడాడు. తాము ‘ఎట్ టేకాఫ్’ అని విమానంనుండి జవాబు వచ్చింది. గాలిలోకి లేవడానికి పరుగు మొదలయిందని వారి భావం. బయలుదేరేచోట సిద్ధంగా నిలబడి ఉన్నారని కంట్రోలరు అర్థం చేసుకొన్నాడు.

ఆ దుర్ఘటన తరువాత విమానయాన సంభాషణలలో నియమాలను కట్టుదిట్టం చేశారు. గాలిలోకి లేవడానికి అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దానిని రద్దు చేసేటప్పుడు తప్ప ‘టేకాఫ్’ అన్న మాట పలకరాదు. మిగిలిన అన్ని సందర్భాలలో ‘డిపార్చర్’ అనే అనాలి. ఒక చిన్న పదబంధానికి ఇంతటి కాపలా పెట్టవలసి వచ్చింది.

ప్రాణాలకు కాకపోయినా బ్రతుకుతెరువుకు సంబంధించిన మరొక ఉదాహరణ ఉన్నది. మన కార్మిక చట్టంలోని నిర్వచనం ప్రకారం ‘లే ఆఫ్’ అంటే బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకు వంటివాటి కొరత వల్ల యజమాని కార్మికునికి పని చూపలేకపోవడం. కార్మికుని పేరు హాజరుపట్టీలో ఉంటుంది. అతనిని తొలగించినట్లు కాదు. కాని అమెరికా సంస్థలలో ‘లేడ్ ఆఫ్’ అన్న మాట సర్వసాధారణంగా ఉద్యోగం పోయిందన్న అర్థంలో చెల్లుతున్నది. హైదరాబాదులో కూర్చుని అమెరికా సంస్థకు పనిచేసేవాడు ఏ అర్థంలో ఆ మాట వచ్చిందో తెలుసుకోవలసిందే.

మనదేశంలో మనం కల్పించుకొన్న అర్థాలు కూడా కొన్ని ఉన్నాయి. కళాశాల చదువు ముగించడాన్ని మనం ‘పాస్ అవుట్’ అంటాం. బ్రిటనులో సైనిక శిక్షణ ముగించినవారి విషయంలో ఆ మాట వాడతారు గాని, మామూలు సంభాషణలో దానికి మూర్ఛపోవడమనే అర్థం. ‘కోప్ విత్’ అనవలసినచోట ‘కోప్ అప్ విత్’ అని మనవారు ఒక ‘అప్’ చేర్చారు. తేదీని ముందుకు జరపడానికి ‘ప్రీపోన్’ అన్న మాట మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చి, ఇంగ్లీషు నిఘంటువులలోకి కూడా ఎక్కింది. అదే అర్థానికి పూర్వంనుండి ఉన్న పదబంధం ‘బ్రింగ్ ఫార్వర్డ్’ — అక్షరాలా ‘ముందుకు తేవడం’. మన వాడుకలో సిగ్గుపడవలసినది లేదు. మన మాట మనవారిమధ్య చెల్లుతుంది; వెలుపలివారితో మాట్లాడేటప్పుడు వారి అర్థం కూడా తెలిసి ఉండాలి.

వాక్యంలో స్థానం

తెలుగు జంటక్రియకూ ఇంగ్లీషు పదబంధానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ‘తీసివేశాడు’ అన్న మాట మధ్యలో కర్మను ఇరికించలేము. ఇంగ్లీషులో చాలాచోట్ల ఇరికించవచ్చు. ‘టర్న్ ఆఫ్ ది లైట్’ అన్నా, ‘టర్న్ ది లైట్ ఆఫ్’ అన్నా ఒప్పే. కాని కర్మ స్థానంలో ‘ఇట్’, ‘హిమ్’, ‘దెమ్’ వంటి సర్వనామం ఉంటే అది మధ్యలోనే రావాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనరాదు.

అన్ని పదబంధాలూ ఇలా విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలే తప్ప మధ్యలో ‘హర్’ దూర్చరాదు. ‘పుట్ అప్ విత్’ వంటి మూడుమాటల బంధాలు సాధారణంగా విడిపోవు. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో తెలుసుకొనడానికి చెవి సహాయం చేస్తుంది. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ఒత్తు ‘ఆఫ్’ మీద పడుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’లో ‘ఎట్’ మీద ఒత్తు పడదు. చివరి చిన్నమాటను ఒత్తి పలికేవి తరచుగా విడిపోయేవి.

ఎక్కడ వాడాలన్నది కూడా గమనించాలి. ప్రభుత్వానికి వ్రాసే వినతిపత్రంలో ‘పోస్ట్‌పోన్’ హుందాగా ఉంటుంది. మిత్రునికి వ్రాసే ఉత్తరంలో ‘పుట్ ఆఫ్’ సహజంగా ఉంటుంది. అయితే పదబంధాలన్నీ ఇంటిమాటలేనని అనుకోరాదు. ‘క్యారీ అవుట్’, ‘సెట్ అప్’ వంటివి శాస్త్రీయ వ్యాసాలలోనూ, ప్రభుత్వ నివేదికలలోనూ నిస్సంకోచంగా కనిపిస్తాయి.

నేర్చుకొనే మార్గం

అకారాదిగా ఇచ్చిన పట్టికను బట్టీపట్టడం నిష్ప్రయోజనం. ‘గెట్’ క్రింద నలభై బంధాలు ఒక్కరోజు చదివితే మరునాటికి నలభైయూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సందర్భాన్నిబట్టి నేర్చుకోవడం మేలు. ఒకనాటి దినచర్యను ఇలా చెప్పుకోండి: మెలకువ రావడం ‘వేక్ అప్’, పక్కమీదనుండి లేవడం ‘గెట్ అప్’, బట్టలు తొడుక్కోవడం ‘పుట్ ఆన్’, ఇల్లు వదలి బయలుదేరడం ‘సెట్ ఆఫ్’, బస్సు ఎక్కడం ‘గెట్ ఆన్’, దారిలో పాతమిత్రుడు అనుకోకుండా తారసపడడం ‘రన్ ఇంటూ’, సాయంకాలం తిరిగిరావడం ‘కమ్ బ్యాక్’, దీపం ఆర్పడం ‘టర్న్ ఆఫ్’. ఒక్క రోజు కథలో ఎనిమిది బంధాలు వాటి వరుసలో కుదురుకొన్నాయి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమవైపు పుటలో పదబంధం ఉన్న పూర్తి వాక్యాన్ని వ్రాయండి. కుడివైపున దానికి దీటైన తెలుగు జంటక్రియను వ్రాయండి. దాని క్రింద మీ జీవితానికి సంబంధించిన మరొక వాక్యాన్ని సొంతంగా కల్పించండి. వారానికి ఐదు చాలు. ఏడాది తిరిగేసరికి అవి రెండువందల అరవై అవుతాయి. నిత్య సంభాషణకు అది మంచి పెట్టుబడి. వార్తలలోగాని, క్రికెట్ వ్యాఖ్యానంలోగాని వాటిలో ఒకటి వినబడినప్పుడు గుర్తుపట్టండి. నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది మరొకరి నోట విన్నప్పుడు స్థిరపడుతుంది.

మీకు ఎంత పట్టుబడిందో చూచుకొనడానికి ఇదిగో చిన్న పరీక్ష. సరియైన అర్థాన్ని ఎన్నుకోండి.

1. సమావేశాన్ని ‘కాల్ ఆఫ్’ చేశారు: (అ) ప్రారంభించారు (ఆ) రద్దు చేశారు (ఇ) పొడిగించారు.
2. అతడు పొగత్రాగడం ‘గివ్ అప్’ చేశాడు: (అ) మొదలుపెట్టాడు (ఆ) తగ్గించాడు (ఇ) మానివేశాడు.
3. ఆమె పిలవని విందుకు ‘టర్న్ అప్’ అయింది: (అ) వచ్చింది (ఆ) నిరాకరించింది (ఇ) వంట చేసింది.
4. వారిద్దరు ‘ఫాల్ అవుట్’ అయ్యారు: (అ) కలుసుకొన్నారు (ఆ) తగవులాడుకొన్నారు (ఇ) ఓడిపోయారు.
5. తాతగారే ఆ పిల్లవానిని ‘బ్రింగ్ అప్’ చేశారు: (అ) పెంచారు (ఆ) తీసుకొనిపోయారు (ఇ) బడిలో చేర్చారు.
6. అతని ప్రణాళిక ‘ఫాల్ త్రూ’ అయింది: (అ) ఫలించింది (ఆ) ఆమోదం పొందింది (ఇ) బెడిసికొట్టింది.

జవాబులు: 1. ఆ, 2. ఇ, 3. అ, 4. ఆ, 5. అ, 6. ఇ.

ఆరింటికి ఆరూ వచ్చినవారు అభినందనీయులు. నాలుగు వచ్చినవారు సరియైన దారిలో ఉన్నారు. అంతకు తక్కువ వచ్చినవారు ఈరోజే నోటుపుస్తకం తెరవవచ్చు.

పెద్దమాటలు నేర్చినవాడు ఇంగ్లీషు పుస్తకాన్ని చదవగలుగుతాడు. చిన్నమాటలు కూడా నేర్చినవాడు ఆ భాష మాట్లాడే మనిషితో మనసు విప్పి మాట్లాడగలుగుతాడు. ‘చూచుకొను’, ‘తినివేయు’, ‘ఎత్తిచూపు’ అన్న మాటలను ఏ గురువూ చెప్పకుండానే నేర్చుకొన్న తెలుగువానికి ఇది అసాధ్యమైన విద్య కాదు.